రెండో మనిషి చూసేదాకా

ఆ ఊళ్లో ఆమెని ఆవు మేడం అంటారు. ముఖం మీద అనరు, ఆమె మలుపు తిరిగాక అంటారు. నిజానికి మేడం అనిపించుకునే వయసు కూడా కాదు, కాలేజీ నుంచి బయటికొచ్చి ఎన్నాళ్లో కాలేదు. కొండవాలుల పరిశోధన కేంద్రంలో ఉద్యోగం. ఊరంతా ఆ పేరే పిలుస్తున్నప్పుడు మనం మాత్రం వేరే పేరు వెతుక్కోవడం దేనికి? ఆమె కూడా ఇప్పుడు పట్టించుకోవడం మానేసింది.

ఆ పేరు ఊరికే రాలేదు. ఊరి వెనక కొండకి నడుం దగ్గర ఒక పగులుంది. పగులుకి అటొకటి ఇటొకటి ఇనుప గుంజలు పాతి, మధ్య తీగ లాగి, తీగ చివర బరువు వేలాడదీసి, పక్కన స్కేలు బిగించారు. నేల కదిలితే బరువు జరుగుతుంది. అది జరిగిందా లేదా అని రోజూ పొద్దున్నే ఎక్కి చూసిరావడమే ఆవు మేడం పని. ఎండాకాలం చివర్లో ఒక రోజు బరువు జానెడు జరిగి కనిపించేసరికి ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. కేకలు పెట్టుకుంటూ దిగింది. కింది రెండు వీధుల జనం పసిపిల్లల్నీ ముసలివాళ్లనీ పరుపుల్నీ మోసుకుని రోడ్డున పడ్డారు. తీరా కేంద్రం పెద్దసారు పైకెళ్లి చూస్తే గుంజకి ఎర్రటి వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. ఒంటి దురద తీర్చుకోవడానికి ఏ ఆవో గుంజకి వీపు రుద్దుకుని తన దారిన తను పోయింది.

ఆ రోజు ఆమెకి తల కొట్టేసినంత పనైంది. కూరగాయల అంగడికి పోతే చాలు, ఎవరో ఒకరు "అంబా" అనేవాళ్లు. పెద్దసారు తిట్టలేదు గానీ అప్పటినుంచి ఒక నియమం పెట్టారు. ఇద్దరు చూడందే అది లెక్కలోకి రాదు. మొదట చూసినవాళ్లు ఏం చూశారో చెప్పకూడదు, రెండోవాళ్లు తమంతట తాము వెళ్లి చూడాలి. చెవిలో మాట పడ్డాక కన్ను దాన్నే వెతుక్కుంటుందని ఆయన నమ్మకం. ఆ రెండో మనిషి నిచ్చెన, కేంద్రంలో ఆమెతోపాటు పనిచేసే అమ్మాయి. పొడుగు చూసి ఆ పేరు పెట్టింది ఆవు మేడమే. తనకొక పేరు వచ్చినప్పుడు పక్కదానికి రాకపోతే ఎలా?

వారం రోజులుగా ముసురు పట్టి వదలడం లేదు. ఆ వేళ ఊళ్లోని ఆడపిల్లల హైస్కూల్లో సభ. కొండ ప్రాంతాల ఆడపిల్లల్ని పర్యావరణ శాస్త్రం చదువుకి పురికొల్పాలని పెద్దసారు ఏడాదిగా కాళ్లరిగేలా తిరిగి తెచ్చుకున్న సభ అది. పై ఆఫీసు నుంచి అధికారి వస్తున్నాడు. ఆయనకి నచ్చితే ఈ స్కూలు పిల్లలు పదిమందికి ఉచితంగా చదువూ, శిక్షణా, ఆ తర్వాత కేంద్రంలో ఉద్యోగాలూ. వేదిక మీద మాట్లాడాల్సింది ఆవు మేడం. వేదిక వెనక కట్టిన గుడ్డ మీద ఎర్రక్షరాలతో "భయమెందుకు? కొండ మనదే" అని రాయించారు.

ఆ గుడ్డ కట్టడానికీ పోస్టర్లు అంటించడానికీ నిచ్చెనని స్కూలుకి పంపేయడంతో పొద్దున ఆవు మేడం ఒక్కతే కొండెక్కింది. పొగమంచులో గుంజ దగ్గరికి వచ్చేదాకా గుంజ కనిపించలేదు. వంగి స్కేలు చూసింది. కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. బరువు, వానలు మొదలైనప్పటినుంచీ జరిగినదంతా కలిపినా రానంత దూరం ఒక్క రాత్రిలో జరిగింది.

మొదట ఆమె చేసిన పని గుంజని తడమడం. వెంట్రుకలేమీ చేతికి తగల్లేదు. కానీ ఈ వానకి కడుక్కుపోయి ఉండొచ్చు కదా? నేల మీద గిట్టల గుర్తులు లేవు, అవీ కడుక్కుపోయి ఉండొచ్చు. తేల్చుకోవాలంటే పగులుకి అవతల ఉన్న రెండో తీగ చూడాలి. అదీ జరిగితే ఆవు కాదు, కొండే. పగులు మీద దాటడానికి ఒక చెక్క వేసి ఉంది. ఆమె చెక్క మీద ఒక కాలు పెట్టింది. చెక్క అవతలి కొస నేలని అంటుకుని లేదు, గాల్లో తేలుతోంది. కింద ఎక్కడో, చాలా లోతుగా, నీళ్లు పారుతున్న చప్పుడు. నిన్నటిదాకా ఆ చప్పుడు లేదు.

ఆవు మేడం కాలు వెనక్కి తీసుకుంది. ఎవరూ చూడటం లేదని తెలిసినా సిగ్గుపడుతూనే వెనక్కి తిరిగి, జారుతూ పడుతూ దిగిపోయింది.

స్కూలు ఆ కొండ పాదాన్నే ఉంది. పెద్దసారు వరండాలో నిలబడి, అధికారికి ఇవ్వాల్సిన శాలువా మడత సరిచేస్తున్నారు. ఆమె బురద బూట్లతోనే ఆయన దగ్గరికి వెళ్లి నిలబడింది.

"సార్, పై తీగ జరిగింది."

"ఎం..." అనబోయి ఆయన నాలుక కరుచుకున్నారు. "వద్దు, చెప్పకు. నిచ్చెన చూసిందా?"

"నిచ్చెన ఇక్కడ పోస్టర్లు అంటిస్తోంది కదా సార్."

"పోనీ, రెండో తీగ?"

"చూడలేదు."

"ఏం?"

"భయమేసింది సార్."

పెద్దసారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "ఆ మాట మాత్రం మైకులో అనకు తల్లీ, నీకు పుణ్యముంటుంది. చూడు, సభ కాగానే ముగ్గురం కలిసి పైకి వెళ్దాం. ఇప్పుడు మళ్లీ జనాన్ని వానలో కూచోబెట్టి, తీరా అది ఇంకో ఆవని తేలితే? ఈ ఊళ్లో ఏ తల్లీ తన కూతుర్ని మన గడప తొక్కనివ్వదు. ఈ పదిమందీ మళ్లీ దొరకరు."

పెద్దసారు చెడ్డవాడేమీ కాదు. ఆయన చెప్పినదాంట్లో తప్పు ఎక్కడుందో ఆవు మేడానికీ దొరకలేదు. భయపడి దిగొచ్చిన మనిషి మాటకి విలువేముంటుంది? ఆమె బూట్లు కడుక్కుని లోపలికి వెళ్లింది.

సభ జరిగే హాలు కొత్తది. వేదిక వెనక గోడకి ఆనుకునే కొండ మొదలవుతుంది. హాలుకి రెండే తలుపులు, ఒకటి వేదిక పక్కన, ఒకటి వెనకాల. పిల్లలందరూ వెనక తలుపులోంచే లోపలికి వస్తున్నారు, ఎందుకంటే వేదిక పక్క తలుపు తెరుచుకోవడం లేదు. గేటు తాత దాన్ని భుజంతో గుద్దుతున్నాడు, తిడుతున్నాడు, మళ్లీ గుద్దుతున్నాడు.

"మొన్నటిదాకా వేలితో తోస్తే వచ్చేది అమ్మగారూ! రాత్రికి రాత్రి దీనికేం రోగమొచ్చిందో."

"వానకి ఉబ్బి ఉంటుందిలే తాతా," అంది హెడ్మిస్ట్రెస్. "గట్టిగా కొట్టకు, రంగు పోతుంది. రేపు ఎవర్నైనా పిలిపిద్దాం."

ఆవు మేడం కూడా తలూపింది. ముసురు పడితే ఊళ్లో ప్రతి ఇంటి తలుపూ ఉబ్బుతుంది, అదొక వింతా? ఆమె చూపు మొదటి వరసలో ఉన్న చెల్లెలి మీద పడింది. తొమ్మిదో తరగతి. పాటల బృందంలో ఉంది కాబట్టి వేదికకి దగ్గరగా, సరిగ్గా ఆ ఎర్రక్షరాల గుడ్డ కింద కూర్చోబెట్టారు. అక్కని చూడగానే రెండు చేతులూ ఊపి, పక్కపిల్లలకి వేలితో చూపించింది. ఊళ్లో ఆవు మేడం అని నవ్వనిది ఆ పిల్ల ఒక్కతే.

అధికారి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆయన గొంతు బాగుంది, మాటలూ బాగున్నాయి, ఒక్కటీ వేదిక మీద కూర్చున్న ఆవు మేడం చెవికెక్కలేదు. గేటు తాత ఇంకా ఆ తలుపుతో కుస్తీ పడుతూనే ఉన్నాడు. అతని అరచెయ్యి తలుపు మీద పడినప్పుడల్లా ఖంగు ఖంగున మోగుతోంది. మూడోసారో నాలుగోసారో మోగినప్పుడు ఆమె తల తిప్పి చూసింది.

అది ఇనుప తలుపు. చౌకట్టు కూడా ఇనుమే. ఇనుము వానకి ఉబ్బుతుందా?

ఇనుప తలుపు బిగుసుకుపోయిందంటే చౌకట్టు ఒరిగి ఉండాలి. చౌకట్టు ఒరిగిందంటే గోడ ఒరిగింది. ఆపైన ఆలోచించడానికి ఆమెకి ధైర్యం చాల్లేదు. హాల్లో మూడొందల మంది ఆడపిల్లలు రెండు జడలు వేసుకుని బుద్ధిగా కూర్చున్నారు, తెరుచుకునే తలుపు వెనకాల ఒక్కటే ఉంది. ఇంకా ఆమెని ఒక మాట పీకుతూనే ఉంది: భయపడినదానికి అన్నీ అలాగే కనిపిస్తాయేమో! చౌకట్టు వంకరగా ఉందని తనకి అనిపిస్తోందా, నిజంగానే ఉందా?

ఆమె వంగి వంగి వేదిక దిగి, పోస్టర్ల దగ్గర నిలబడ్డ నిచ్చెన చెవిలో అంది: "ఆ తలుపు చూసిరా."

"ఏం చూడాలి?"

"చెప్పను."

ఆ ఒక్క మాటకి అర్థం వాళ్లిద్దరికే తెలుసు. నిచ్చెన మెడలోని గుర్తింపు కార్డు పట్టీకి తాళాల గుత్తి కట్టి, తలుపు దగ్గరికి వెళ్లి, చౌకట్టు పక్కన పైనుంచి నిదానంగా వేలాడదీసింది. గుత్తి ఊగడం ఆగేదాకా ఆగింది. తర్వాత కూర్చుని గడప తడిమింది. తిరిగి వచ్చేటప్పుడు దాని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"చౌకట్టు ఒరిగింది. పట్టీ పైన దానికి అతుక్కుని ఉంది, కింద మధ్యలో నాలుగు వేళ్లు పడతాయి," అంది. "గచ్చు కొత్తగా చీలింది. చీలికలోంచి మట్టినీళ్లు వస్తున్నాయి. నువ్వూ ఇదే చూశావా?"

"పైన తీగ కూడా జరిగింది," అంది ఆవు మేడం. ఇక అనుమానం లేదు. ఇద్దరు చూశారు. ఇందాకటిదాకా ఒక మూల, ఇదంతా తన పిరికితనమే అయితే బాగుండునన్న ఆశ ఉండేది. ఇప్పుడు అదీ పోయింది.

సరిగ్గా అప్పుడే మైకులో ఆమెని పిలిచారు. చప్పట్లు కొట్టారు. ఆమె మైకు ముందుకు వెళ్లి నిలబడింది. కొండ జారుతోంది అని ఒక్క కేక పెడితే చాలు, మూడొందల మందీ ఆ ఒక్క తలుపు మీద పడతారు. కొండ చంపేలోగా వాళ్లని వాళ్లే తొక్కి చంపుకుంటారు. కేక పెట్టకపోతే? ఆమె మొదటి వరస వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడింది.

"నన్ను ఆవు మేడం అంటారని నాకు తెలుసు," అంది.

హాలంతా గొల్లుమంది. హెడ్మిస్ట్రెస్ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది.

"కొండ పని ఎలా ఉంటుందో చెప్పమన్నారు. అది కూచుని వినే పని కాదు. అందుకని మొదటి పాఠం ఇప్పుడే, బయట. దీనికో పోటీ కూడా ఉంది. పరిగెత్తిన వరస ఓడిపోయినట్టు. మాట్లాడిన వరస ఓడిపోయినట్టు. సంచి ముట్టుకున్నా ఓడిపోయినట్టే. వెనక వరస ముందు లేవాలి. ముందున్న పిల్ల భుజం మీద చెయ్యి వెయ్యాలి. నిచ్చెనక్క వెనకాలే నడిచి, గేటు దాటి, వంతెన దాటి, అవతల బస్టాండులో నిలబడాలి. వెనక వరస, లేవండి."

పిల్లలకి సభ తప్పిపోతుందంటే అంతకంటే ఏం కావాలి? లేచారు.

"ఇది ప్రోగ్రాంలో లేదే!" అన్నాడు అధికారి. హెడ్మిస్ట్రెస్ కళ్లెర్రజేసింది. పెద్దసారు సగం లేచి ఆవు మేడం వైపు చూశారు. ఆమె మైకు పక్కనుంచి రెండు వేళ్లు పైకెత్తి చూపించింది. ఆయన తల తిప్పి, వెనక తలుపు దగ్గరున్న నిచ్చెనని చూశారు. అదీ రెండు వేళ్లు ఎత్తింది. ఆయన మొహం పాలిపోయింది. శాలువా కిందపడితే తీయలేదు. "సార్, ఇదీ శిక్షణలో భాగమే, మీరూ రావాలి," అంటూ అధికారి మోచెయ్యి పట్టుకుని లేపారు. బయట పడగానే పెద్దసారు కింది వీధుల వైపు పరుగందుకున్నారు.

వరసలు కదులుతున్నాయి. ఎంత మెల్లగా! ఒకపిల్ల చెప్పు జారితే తొడుక్కోవడానికి ఆగింది, ఇంకోపిల్ల తుమ్మి ఓడిపోయామని నాలుక కరుచుకుంది. ఆవు మేడం మొహాన నవ్వు పులుముకుని, మైకులో "శభాష్, తర్వాతి వరస" అంటూనే ఉంది. వెనక గోడలో ఏదో పుటుక్కుమంది. ఎర్రక్షరాల గుడ్డ మీద సున్నం పొడి రాలింది. చెల్లెలిది మొదటి వరస, అంటే చివర వెళ్లాల్సిన వరస. వేదిక మీద నుంచి దూకి, ఆ పిల్ల రెక్క పట్టుకుని లాక్కుపోవాలని ఆమె ఒళ్లంతా కొట్టుకుపోయింది. కానీ ఒక్కపిల్ల పరిగెత్తితే అందరూ పరిగెడతారు. ఆమె మైకు గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"అక్కా," అంది చెల్లెలు, పెదాలు కదపకుండా. "గోడలోంచి నీళ్లు."

"చూశాను. మాట్లాడితే ఓడిపోతారు."

చెల్లెలు అక్క చేతుల వైపు చూసింది. అవి వణుకుతున్నాయి. వెంటనే పక్కపిల్ల భుజం మీద చెయ్యి వేసి తన వంతు కోసం నిలబడింది.

వాళ్ల వెనకే ఆవు మేడం బయటికొచ్చింది. హాలుకి తాళం వేస్తే గానీ రానని మొరాయించిన గేటు తాతని చొక్కా పట్టుకుని ఈడ్చుకొచ్చింది. జీవితంలో ఆమె పెద్దవాళ్లతో అంత అమర్యాదగా ప్రవర్తించింది ఎప్పుడూ లేదు.

బస్టాండులో అందరూ నిలబడ్డారు. స్కూలు అక్కడే ఉంది. కొండా అక్కడే ఉంది, పొగమంచు కప్పుకుని ఏమీ ఎరగనట్టు. అధికారి గొడుగు కింద నిలబడి గడియారం చూసుకున్నాడు, మళ్లీ చూసుకున్నాడు. హెడ్మిస్ట్రెస్ పళ్లు నూరుతోంది. కింది వీధుల వాళ్లు పెద్దసారుని తిట్టుకుంటూ, అయినా పిల్లల్ని చంకనేసుకుని వంతెన దాటుతున్నారు. ఇక పిల్లల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో సన్నగా "అంబా" అన్నారు. వరసలో నవ్వులు.

అప్పుడు ఆవు మేడం మనసులో ఒక కోరిక పుట్టింది. కొండ జారాలి. ఇప్పుడే, వీళ్లందరూ చూస్తుండగా జారాలి. కోరుకున్నాక తనకే తెలిసింది ఏం కోరుకుందో. ఆ కొండ కింద ఊళ్లో సగం మంది ఇళ్లున్నాయి, ఆమె తల్లి కుట్టుమిషను ఉన్న గది కూడా ఆ వరసలోనే ఉంది. పొద్దున పగులు దగ్గర వేసిన భయం దీని ముందు ఏపాటిది? తన పరువు కోసం ఊరు కూలాలని కోరుకున్న మనిషిని తన లోపల చూసి ఆమె నిలువునా వణికింది. వద్దు, నవ్వనీ, నవ్వులపాలైనా ఫరవాలేదు, జారొద్దు, అని లోపల్లోపల కొండని బతిమాలుకుంది.

కొండ ఎవరి మాటా వినలేదు. మొదట చప్పుడు కూడా రాలేదు, స్కూలు వెనకున్న చెట్లు నిలబడే ముందుకు నడిచాయి. తర్వాత వంతెన కింద నీళ్లు అదిరాయి. ఆ తర్వాత వచ్చిన చప్పుడుకి పిల్లలందరూ ఒకేసారి కూర్చుండిపోయారు. హాలు పైకప్పు వేదిక వైపు కుంగింది, కిటికీలన్నిట్లోంచీ ఒకేసారి బురద కక్కుకుంది. మట్టి గేటుదాకా వచ్చి ఆగింది. కింది వీధుల్ని ముట్టుకోలేదు.

హెడ్మిస్ట్రెస్ తరగతివారీగా పిల్లల్ని లెక్కపెట్టింది. మధ్యలో ఆగి, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది. అందరూ ఉన్నారు. అధికారి రోడ్డు మీద బురదలోనే చతికిలబడ్డాడు. పెద్దసారు ఆవు మేడం దగ్గరికి వచ్చి ఆమె తల మీద చెయ్యి వేసి వెళ్లిపోయారు.

చెల్లెలు వచ్చి పక్కన నిలబడింది. జడ ఊడిపోయింది. కళ్లు హాలు మీదే ఉన్నాయి.

"అక్కా, ఆ పది సీట్లలో నాకొకటి ఇప్పించు."

"నోరుముయ్."

"ఏం? నువ్వు వచ్చింది మమ్మల్ని రమ్మని చెప్పడానికేగా?"

"వాళ్లని రమ్మన్నాను. నిన్ను కాదు." ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆవు మేడం నమ్మలేకపోయింది. అయినా వెనక్కి తీసుకోలేదు. "నాకు ఎంత భయమేసిందో నీకేం తెలుసే? ఇంకా వేస్తూనే ఉంది. చూడు నా చేతులు."

"నాకూ వేసింది. అందుకే అడుగుతున్నా," అంది చెల్లెలు. "మూడేళ్లనుంచి రోజూ ఆ కొండ కిందే కూచుని చదువుకున్నాం. ఒక్కరోజు కూడా భయం వెయ్యలేదక్కా."

చెల్లెలి మణికట్టు ఎప్పుడు పట్టుకుందో ఆవు మేడానికే తెలియదు. ఆ పిల్ల మెల్లగా, "నొప్పెడుతోంది, వదులు," అంది. ఆవు మేడం వదలాలనే అనుకుంది, వేళ్లు మాట వినలేదు.